సూది దిగే చోటు

కాలు చాపి పడుకుని తొడ కండరాన్ని పూర్తిగా వదిలేస్తే మోకాలిచిప్ప అటూ ఇటూ కదులుతుంది. భయంతో కాలు బిగబట్టిన మనిషికి అది కదలదు. కీళ్లలోకి సూది వేయడంలో చేయి తిరిగిన డాక్టరు సిరంజి అందుకోక ముందే దీన్ని చూసుకుంటాడు. మోకాటి కింద చుట్టిన తువ్వాలు ఒకటి పెడతాడు. పంట సంగతో, పిల్లల చదువో అడిగి పేషెంటును మాటల్లోకి దింపుతాడు. మాట నడుస్తుండగానే బొటనవేలితో చిప్పను లోపలివైపు నుంచి బయటికి నెడతాడు. అది జారిందంటే తొడ వదులైనట్టే. చిప్పకూ దాని కింది ఎముకకూ మధ్య సందు తెరుచుకుంటుంది. చిప్ప పై మూలకు ఒక వేలి వెడల్పు పైన, అంతే దూరం బయటికి, పెన్ను మూతతో గట్టిగా అదుముతాడు. చర్మం మీద గుండ్రటి నొక్కు పడుతుంది. ఇంకు గుర్తయితే స్పిరిట్‌తో తుడిచినప్పుడు చెరిగిపోతుంది, ఈ నొక్కు చెరగదు. తుడిచి, ఆరేదాకా ఆగుతాడు. ఆ తర్వాత ఆ చోటును వేలితో తాకడు. మందు లోపలికి వెళ్లడానికి పట్టేది కొన్ని క్షణాలే. పనితనమంతా దానికి ముందే జరిగిపోతుంది.

అనంతపురం ప్రాంతంలో ఈ పనితనానికి విలువ ఎక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. ఆ కాస్త వాన కూడా పైరుకు కావలసిన వారంలో పడదు. ఎర్రనేలల్లో తరాలుగా శెనక్కాయే దిక్కు. కలుపు తీయడం, కట్టె నుంచి కాయ తెంపడం, రాలిన కాయ ఏరడం, అన్నీ గొంతుకు కూర్చుని చేసే పనులే, అందులోనూ ఎక్కువ ఆడవాళ్ల పనులు. ఇరవై, ముప్పై ఏళ్లు అలా కూర్చుని లేచిన మోకాళ్లు నలభై అయిదు దాటేసరికి మొరాయిస్తాయి. సాయంత్రం పని దిగాక వాళ్లకు దగ్గరగా దొరికేది ఊళ్లోని ఆర్‌ఎంపీ. ఆయన పిర్రకు ఒక సూది వేస్తాడు. అందులో డైక్లోఫెనాక్ ఉంటుంది, చాలాసార్లు దానికి తోడు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. తెల్లారేసరికి నొప్పి తగ్గుతుంది. పొద్దున్నే కూలికి పోకపోతే ఆ రోజు గడవని మనిషికి ఆ ఉపశమనం చిన్నదేమీ కాదు. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు న్యాయం అనిపించదు.

అయితే పిర్రకు వేసే ఆ సూది కీలుకు వేసే సూది కాదు. ఆ మందు కండలో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, అందులో ఒక వంతు మోకాటికి చేరుతుంది. మాత్ర మింగినా జరిగేది అదే. దారి వేరు, మందు ఒకటే, దాని మంచిచెడ్డలూ ఒకటే. మాత్రలు పనిచేయలేదు, సూదికే తగ్గిందని మనవాళ్లు చెప్పుకునేటప్పుడు చాలాసార్లు ఒకే జాతి మందును రెండు దారుల్లో తీసుకుని పోలుస్తున్నారు. పైగా డైక్లోఫెనాక్ జాతి మందులు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసే ఒక ఏర్పాటును అణచివేస్తాయి. ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్న ఆరోగ్యవంతుడికి దానివల్ల పెద్దగా తేడా తెలియదు. మే నెల ఎండలో పొద్దంతా చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగక, బీపీ మాత్ర కూడా వేసుకునే అరవై ఏళ్ల మనిషికి మాత్రం ప్రమాదమే. డైక్లోఫెనాక్ ఎంత పదునైన మందో రాబందుల కథ చెబుతుంది. ఈ సూది వేసిన పశువులు చచ్చాక ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు దాని వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో ఆపింది. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువుల దగ్గరికే చేరుతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదుకు పరిమితం చేసింది.

కీలు లోపలికే మందు పంపాలన్న ఆలోచన ఒక భంగపాటు నుంచి పుట్టింది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ కీళ్లవాతంతో కదలలేని ఒక స్త్రీకి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ వచ్చింది. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ మందు నెలల తరబడి ఒళ్లంతా తిరిగితే ముఖం ఉబ్బుతుంది, ఎముక పలచబడుతుంది, చక్కెర పెరుగుతుంది, ఆపగానే నొప్పి తిరిగొస్తుంది. నొప్పి ఉన్నది ఒక మోకాట్లోనైతే మందు ఒళ్లంతటికీ ఎందుకు? ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హొలాండర్ హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీలు సంచిలోకి ఎక్కించి, 1951లో ఆ ఫలితాలను ప్రకటించాడు. ఈనాటి కీలు సూదికి ఆ పనే మూలం.

ఇప్పుడు మన దగ్గర మోకాటికి ఎక్కువగా వేసేది ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్, సాధారణంగా 40 మిల్లీగ్రాములు. అది పాలలా తెల్లగా ఉంటుంది. నీళ్లలో కరగని సన్నటి రేణువులు అందులో తేలుతుంటాయి. కదపకుండా పెడితే అడుగుకు చేరతాయి, అందుకే సిరంజిలోకి తీసే ముందు సీసాను బాగా కలపాలి. ఆ కరగకపోవడమే దాని సుగుణం. కీలు సంచిలో రేణువులు నిదానంగా కరుగుతూ వారాల తరబడి పనిచేస్తాయి. దాంట్లో కాస్త లిగ్నోకైన్, అంటే మత్తుమందు, కలుపుతారు. నొప్పి తెలియకుండా ఉండటానికే అనుకుంటాం కానీ దాని అసలు ఉపయోగం వేరు. సూది వేసిన అయిదు నిమిషాల్లో పేషెంటును లేచి నడవమంటాడు డాక్టరు. అప్పటికి స్టెరాయిడ్ ఇంకా పని మొదలుపెట్టి ఉండదు, పనిచేసేది మత్తుమందే. నొప్పి అక్కడికక్కడ పోయిందంటే నొప్పి పుట్టిల్లు ఆ కీలేనని రుజువైనట్టు. పోలేదంటే మూలం నడుములోనో తుంటిలోనో వెతకాలి. ఒకే సూదితో వైద్యమూ చేసి నిర్ధారణా చేసే ఈ తెలివిని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మోకాట్లో నీరు పట్టి ఉంటే ఆ నీటిని ముందు బయటికి తీయాలి. ఇక్కడ డాక్టరు కన్ను పనిచేయాలి. ఆరోగ్యంగా ఉన్న కీలునీరు లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. సిరంజి వెనక న్యూస్ పేపరు పెడితే అక్షరాలు చదవచ్చు. సూది మొన నుంచి ఒక చుక్క జారవిడిస్తే తీగలా కొన్ని సెంటీమీటర్లు సాగుతుంది. వాపు ఉన్న కీలులోనైతే ఆ జిగి పోయి చుక్కలు చుక్కలుగా పడుతుంది. అక్షరాలు కనిపించనంత మసకగా ఉంటే అక్కడితో ఆగాలి. అది చీము కావచ్చు. అందులో స్టెరాయిడ్ ఎక్కిస్తే చిన్న నిప్పును ఇల్లంతా అంటించినట్టే. తెచ్చిన మందును పక్కన పెట్టేసి, ఆ నీటిని ల్యాబుకు పంపి, పేషెంటును ఆసుపత్రిలో చేర్చుకుంటాడు. దెబ్బ తగిలిన మోకాట్లో రక్తం వచ్చి, దానిపై కొవ్వు చుక్కలు తేలితే లోపల ఎముక చిట్లిందని అర్థం. ఒక సిరంజిలోని నీటిని ఇంత చదవగలిగినవాడికే ఆ సిరంజి పట్టుకునే అర్హత.

సూది నిజంగా కీలులోకి వెళ్లిందా అన్నది ఇంకో ప్రశ్న. 2002లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో నీరు పట్టని మోకాళ్లకు మూడు దారుల్లో సూదులు వేసి, తర్వాత ఎక్స్‌రే కింద చూశారు. చిప్ప బయటి అంచు మధ్య నుంచి వెళ్లినవి 93 శాతం గురిచేరాయి. కాలు మడిచి ముందువైపు నుంచి వేసినవాటిలో లోపలి పక్క నుంచి వెళ్లినవి 75, బయటి పక్క నుంచి వెళ్లినవి 71 శాతమే చేరాయి. చేయి తిరిగిన సర్జన్ వేసినా ముందువైపు నుంచి నాలుగింట ఒకటి గురి తప్పిందంటే మిగతావాళ్ల సంగతి ఊహించవచ్చు. అందుకే చేతికి అందే గుర్తులు చాలా ముఖ్యం. సరైన చోట మందు ఎక్కిస్తుంటే పిస్టన్ ఏ అడ్డూ లేకుండా జారుతుంది. అడ్డు తగిలితే బలవంతంగా నొక్కకూడదు. మొన కొవ్వులోనో కండలోనో ఉందన్నమాట. కాస్త వెనక్కి తీసి దిశ మార్చాలి. ఇప్పుడు పట్టణాల్లో అల్ట్రాసౌండ్ తెర చూస్తూ వేసేవాళ్లు పెరిగారు, తుంటి లాంటి లోతైన కీళ్లకు అలా తెర చూస్తూ వేయడమే మేలు. అయినా తెర లేని గదిలో వేళ్లతో వెతికి వేసే చేతిని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇక సూది వేయని పనితనం. మాటలు దాదాపు ఇలాగే నడుస్తాయి.

“మాత్రలు మింగి మింగి కడుపు మండుతాంది సార్. మోకాలికి ఒక సూది ఏసెయ్యండి.”

“ఏస్తాలేమ్మా. ముందు రెండు చేతులూ చూపీ.”

“నొప్పి మోకాల్లో ఉంటే చేతులెందుకు సార్?”

“పొద్దున లేస్తానే వేళ్లు ముడుచుకుంటాయా?”

“యాడ ముడుచుకుంటాయి సార్, ఎండ పొద్దెక్కిందాకా చెంబు కూడా పట్టుకోలేను.”

రెండు చేతుల వేళ్ల మొదళ్లూ ఒకే తీరుగా వాచి, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతున్నాయంటే ఆమెది అరిగిన మోకాలు కాకపోవచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతం అయ్యే అవకాశం ఎక్కువ. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడే జబ్బు అది. అక్కడ మోకాటికి వేసే సూది కొన్ని వారాల గడువు మాత్రమే ఇస్తుంది. జబ్బును అదుపు చేసేది మాత్రే. ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలను నడిపినప్పుడు ఆయన బృందం 1940లలో ముందు ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ తర్వాత దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. వాటిని మొదట పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా 1988లో అధికారికంగా అనుమతించింది. కార్టిసోన్ తొలి పేషెంటు లేచి నడవడానికి నెల ముందే, 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. పదేళ్లకు, 1958లో, ట్రయామ్సినలోన్‌ను బజారుకు తెచ్చిన కంపెనీల్లో ఆయన పనిచేసిన లెడర్లే కూడా ఉంది.

ఆ మాత్ర రాసే చీటీలోనూ పనితనం ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోజుకో మాత్ర అలవాటున్న మన ఊళ్లలో ఈ పొరపాటు చాలా తేలికగా జరుగుతుంది. అందుకే జాగ్రత్తగల డాక్టరు ‘వారానికొకసారి’ అని రాసి ఊరుకోడు. ‘ఆదివారం మాత్రమే’ అని రాసి చుట్టూ గీత గీస్తాడు. ఫోలిక్ యాసిడ్‌ను వేరే రోజుకు, బుధవారానికో గురువారానికో రాస్తాడు. మెథోట్రెక్సేట్ బాధలను తగ్గించేది అదే ఫోలిక్ యాసిడ్. రెండూ ఒకే బృందం చేతుల్లోంచి వచ్చినవి. ఆ చీటీని కూడా నేను సూదితో సమానంగా చూస్తాను.

అనంతపురం సీమలో చేతులు చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ జబ్బులో మెడ తిరగదు, నడుము వంగదు, మోకాళ్లు పట్టేస్తాయి. అనుమానం వస్తే డాక్టరు మోకాటితో పాటు ముంజేతికీ ఎక్స్‌రే తీయిస్తాడు. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర గట్టిపడి ఫిల్ములో తెల్లగా కనిపిస్తే అది ఫ్లోరైడ్ పనే. అక్కడ సూది దండగ, మాత్రా దండగే. మార్చాల్సింది నీళ్లు. మోకాటి నొప్పికి ముంజేయి ఫిల్ము చూసే ఆ ఆలోచన పుస్తకంలో ఉన్నదే అయినా, రోజుకు వంద మందిని చూసే ఓపీలో గుర్తుంచుకోవడం మామూలు సంగతి కాదు.

సూది నిజంగా అద్భుతం చేసే చోటు ఒకటుంది. అది బొటనవేలి మొదలు. విత్తనం కోసం శెనక్కాయలు చేత్తో వలిచిన ఆడవాళ్లకు, రోజంతా బొటనవేలితో అదిమి నొక్కే పని చేసేవాళ్లకు, మణికట్టు పక్కన బొటనవేలి కింద భరించలేని నొప్పి వస్తుంది. బొటనవేలిని కదిపే రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లు, అక్కడ ఒక ఇరుకు గొట్టంలోంచి వెళతాయి. గొట్టం వాచి ఇరుకైతే వేలు కదిలిన ప్రతిసారీ నొప్పే. ఆ గొట్టంలోకి కొద్దిపాటి స్టెరాయిడ్ ఎక్కిస్తే చాలామందికి ఆపరేషన్ అవసరం తప్పుతుంది. కానీ గొట్టంలో ఖాళీ ఉండేది వెంట్రుకవాసే. మొన టెండన్‌లో గుచ్చుకుందేమో తెలుసుకోవడానికి డాక్టరు సూదిని అలాగే ఉంచి, బొటనవేలు కొంచెం కదపమంటాడు. సిరంజి కూడా వేలితో పాటు ఊగితే మొన టెండన్‌లో ఉన్నట్టు. రవ్వంత వెనక్కి తీస్తాడు. ఊగడం ఆగగానే మందు వదులుతాడు. ఇంత చిన్న పరీక్షతో తాడును కాపాడి గొట్టంలోకే మందు చేర్చడం చూస్తే ఆ చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కావాలి. ఆ చోట చర్మం పలచన. మందు పైపైనే పడితే కింద కొవ్వు కరిగి గుంట పడుతుంది, చర్మం తెల్లబారుతుంది. నల్లటి, చామనఛాయ చేతుల మీద ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన ఊళ్లలో దాన్ని చూసి బొల్లి అనుకుని అమ్మాయి పెళ్లికి కూడా ఇబ్బంది పెట్టే మనుషులున్నారు. అందుకే మంచి డాక్టరు ముందుగానే చెబుతాడు, మందు తక్కువ మోతాదులో లోతుగా వేస్తాడు.

మందు లిగమెంట్లలోకి, అంటే ఎముకను ఎముకకు కట్టే తాళ్లలోకి, లేదా టెండన్లలోకే వెళితే లెక్క మారిపోతుంది. స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, అదే సమయంలో ఆ తాళ్లను బలహీనం చేస్తుంది. మడమ వెనక ఉండే పెద్ద టెండన్‌లోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే అది తెగే ప్రమాదం ఉందని ఏ ఎముకల డాక్టరైనా హెచ్చరిస్తాడు. మోచేతి బయటి వైపు నొప్పి మీద ఆస్ట్రేలియాలో 165 మందిపై చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్లలో ఏడాదిలోపు 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. మందు లేని ఉత్త సూది వేయించుకున్నవాళ్లలో 12 శాతం మందికే తిరగబెట్టింది. మొదటి వారాల్లో వచ్చిన సుఖానికి ఏడాది చివర ఇంత మూల్యం చెల్లించాల్సి వచ్చింది. ‘సూది వద్దులేమ్మా’ అనే డాక్టరు బద్ధకంతో అనడం లేదు. ఆ అంకె తెలిసి అంటున్నాడు.

లిగమెంట్లకు గ్లూకోజు సూదులు వేసే పద్ధతి కూడా ఉంది. జార్జ్ హాకెట్ అనే అమెరికన్ సర్జన్ 1950లలో ఈ తరహా సూదులను ప్రచారంలోకి తెచ్చాడు. ఒక ద్రావణంతో లిగమెంటు మొదలును కాస్త రెచ్చగొడితే ఒళ్లే దాన్ని బాగుచేసుకుంటుందన్నది ఆయన ఆలోచన. 90 మంది మోకాటి రోగులపై 2013లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఏడాది తర్వాత ఉప్పునీటి సూదికన్నా గ్లూకోజు మెరుగ్గా కనిపించింది. 110 మంది నడుమునొప్పి రోగులపై 2004లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో రెండింటికీ తేడా కనిపించలేదు. మందు చవక, స్టెరాయిడ్ బాధలు లేవు. మోకాటికి ఇంకా పరీక్షించదగ్గ పద్ధతి అనే నా అభిప్రాయం. మన రక్తమే తీసి తిప్పి వేసే పీఆర్‌పీ మీద మాత్రం నాకు ఆ ఆశ లేదు. 288 మందిపై 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది ఉప్పునీటి సూదిని దాటలేదు. పట్నాల్లో దానికి వేలకు వేలు పోస్తున్నారు. అప్పు చేసి దానికి పోవాల్సిన పని రైతుకు లేదు.

అరిగిన మోకాటికి స్టెరాయిడ్ సూది మాటేమిటి? చాలామందికి కొన్ని వారాల సుఖం ఇస్తుంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేసిన అమెరికా అధ్యయనం 2017లో వచ్చింది. అందులో నొప్పి ఉప్పునీటి సూది వేసినవాళ్లతో సమానంగానే మిగిలింది, మోకాటి గుజ్జు మాత్రం ఎక్కువ అరిగింది. 2020లో వచ్చిన మరో అధ్యయనంలో ఏడాది తర్వాత సూది వేయించుకున్నవాళ్లకన్నా ఫిజియోథెరపీ చేసినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అందుకే పని తెలిసిన డాక్టరు సూదిని గమ్యంగా చూడడు. నొప్పి తగ్గిన ఆ నాలుగు వారాల్లో తొడ కండరానికి బలం పెంచే కసరత్తు నేర్పుతాడు. కాలు చాపి మడమ ఎత్తి పది లెక్కపెట్టమంటాడు. కలుపుకు పోయేటప్పుడు గొంతుకు కూర్చోకుండా చిన్న పీట తీసుకెళ్లమంటాడు. మాత్రలకన్నా ముందు మోకాటి మీద పూసే డైక్లోఫెనాక్ జెల్ రాస్తాడు. పైపూతలో రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ, మూత్రపిండానికి భారం తక్కువ. ఇది చప్పగా అనిపించే వైద్యం. పనిచేసేది ఇదే.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రికో, పుట్టపర్తి ఆసుపత్రికో మోకాళ్లు పట్టుకుని వెళ్లేవాళ్లకు, వాళ్లను తీసుకెళ్లే కొడుకులకు, కూతుళ్లకు ఒక మాట. సూది వేయించుకునే ముందు ఏ మందు వేస్తున్నారు, ఎక్కడికి వేస్తున్నారు, మళ్లీ ఎన్ని నెలలకు వేయవచ్చు అని అడగండి. షుగరు ఉంటే ముందే చెప్పండి, సూది తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. సూది వేసిన రెండు మూడు రోజుల్లో మోకాలు ఎర్రగా వాచి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. మందు పేరు, తేదీ రాసిన చీటీ దాచుకుని, తర్వాతి డాక్టరుకు చూపించండి.